రెండో నంబరు పుస్తకం

జడ్జి అంటే కోర్టులోనే ఉంటాడని మా అత్త బుచ్చమ్మ నమ్మకం. అందుకే సూర్యాపేట నుంచి వచ్చిన ఉత్తరాన్ని మా ఆయన గోవర్ధన్ గట్టిగా చదివి, నన్ను పుస్తకాలకు జడ్జిగా రమ్మంటున్నారని చెప్పగానే ఆమె చేట కింద పెట్టి నా వైపు తిరిగింది.

“పుస్తకాలు ఏం తప్పు జేసినయే పిల్లా?”

అందరం నవ్వాం. రెండు వేల ఏడు జూన్ నెల అది. మాడుగులపల్లిలో అప్పటికి రెండు వానలు పడ్డాయి. విషయం ఏమిటంటే, మూడు మండలాల గొర్రెల కాపరుల సంఘాలు కలిసి ఒక నిర్ణయం చేశాయి. గొర్రెలకు ఏ రోగం వస్తే ఏ మందు, ఎంత మందు అని చూసుకునే పుస్తకం ఒకటి సంఘానికొకటి చొప్పున పంచాలని. మూడు ప్రెస్సుల వాళ్ళు మూడు పుస్తకాలు తయారుచేసి పంపారు. అందులో ఒకదాన్ని ఎంచాలి. మందుల సంగతి డాక్టర్ చూస్తాడు. మరి అక్షరాలు, పేజీలు, వాటి వరస చూసేదెవరు? మిర్యాలగూడ బస్టాండు ఎదురు సందులో ఏడేళ్ళుగా కంపోజింగ్ చేస్తున్నాను కాబట్టి నన్ను పిలిచారు. పిలిచింది దేవదాసు సార్. హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. బడిలో నాకు తెలుగు చెప్పింది ఆయనే.

“మన మంద గురించి పుస్తకమట. మన కోడలు జడ్జట,” అని మా మామ గట్టయ్య ఆ రోజు ఊళ్ళో కనబడ్డవాళ్ళందరికీ చెప్పాడు. మాకు అరవై గొర్రెలుండేవి. ఆ అరవైకీ ఈ వార్త తెలిసి ఉంటుందని గోవర్ధన్ వెక్కిరించాడు.

సూర్యాపేటలో సంఘం ఆఫీసు ఒక ఎరువుల దుకాణం మీద గది. నేను వెళ్ళేసరికి దేవదాసు సార్, పశువుల డాక్టర్ జయరాజు గారు కూర్చుని ఉన్నారు. బల్ల మీద మూడు పుస్తకాలు, మూడింటికీ వార్తాపత్రికతో అట్టలు. అట్టల మీద ఒకటి, రెండు, మూడు అని నంబర్లు.

“ఎవరి ప్రెస్సుదో మనకు తెల్వొద్దని అట్టలేసిన,” అన్నారు సార్. “సరళా, నీకు అక్షరాల సంగతి ఎరుక. డాక్టరు గారికి మందుల సంగతి ఎరుక. నాకు ఏదీ సరిగ్గ తెల్వది, అందుకే నేను అధ్యక్షున్ని.”

మొదటి నంబరు పుస్తకం తెరవగానే నాకు ఒళ్ళు మండింది. లైన్ల మధ్య సందు లేదు. “చూడండి సార్, పై లైను వత్తులు కిందికి దిగి కింది లైను గుడుల మీద కూర్చున్నాయి. చూపు సరిగ్గా ఆననివాళ్ళకు ఇవి అక్షరాలు కావు, చీమల బారు. పైగా నున్నటి కాగితం. ఎండలో తెరిస్తే తళతళ తప్ప ఏమీ కనబడదు.” మూడు మార్కులు వేశాను.

మూడో పుస్తకం చూసి జాలేసింది. మోటు కాగితం, లావు అక్షరాలు, ప్రతి మందు చుట్టూ మందపాటి నల్లగీత, ఆ గీతల్లో అదే మాట మళ్ళీ మళ్ళీ. అందం అనే మాట ఆ ప్రెస్సు గడప తొక్కలేదు. దానికి నాలుగు వేశాను.

ఇక రెండో నంబరు పుస్తకం. పేజీ అంచు చూడగానే గుర్తుపట్టాను. అది నేను చేసిందే. ఆ ఎండాకాలంలో కోదాడ ప్రెస్సు యజమాని మంగయ్య గారు రాతప్రతి తెచ్చిస్తే పదిహేను రోజులు కూర్చుని కంపోజ్ చేశాను. అది ఈ పోటీకి వస్తుందని ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. లోపల నా పేరు ఎక్కడా లేదు.

అప్పుడే నోరు తెరవాల్సింది. తెరవలేదు. ఏడేళ్ళుగా పెళ్ళి పత్రికలు, మిల్లుల బిల్లు బుక్కులు, ఎన్నికల కరపత్రాలు కొట్టి కొట్టి విసిగిపోయిన దాన్ని, మొదటిసారి ఒక పుస్తకం అనదగ్గ పుస్తకం చేశాను. తెలిసినవాళ్ళు ఇద్దరు దాన్ని పొగుడుతుంటే కూర్చుని వినాలనిపించింది. అంతే, అంతకన్నా గొప్ప కారణం ఏమీ లేదు.

“ఎంత ఇశాలంగున్నది ఈ పేజీ! కండ్లకు సల్లగున్నది,” అన్నారు దేవదాసు సార్.

చల్లగా ఎందుకుండదు? రాతప్రతిలో ‘చూడి జీవాలకు వద్దు’ అనే మాట ఒక్కో పేజీలో పది పదకొండు మందుల కింద రాసి ఉంది. చదువుతుంటే చెవిలో జోరీగలా ఉండేది. నేను వాటన్నిటినీ పీకేశాను. చూడివాటికి పనికిరాని మందుల పేర్లు ఎర్ర రంగులో పెట్టి, ఎరుపంటే అర్థం ఏమిటో మూడో పేజీలో ఒక్కసారి చెప్పాను. పేజీ తేలికైంది. మంగయ్య గారు ముచ్చటపడ్డారు. నేను ఆయన కన్నా ఎక్కువ ముచ్చటపడ్డాను.

“మందులు కరెక్టే, మోతాదులు కరెక్టే,” అని డాక్టర్ గారు తొమ్మిది వేశారు. సార్ కూడా తొమ్మిది. నేనూ తొమ్మిదే వేశాను. నాది కాబట్టి కాదు, బాగుంది కాబట్టి అని నాకు నేను చెప్పుకున్నాను.

కానీ సార్ లెక్క ముగించలేదు. “ఇవి ఇప్పటి మార్కులు. పెండ్లి చూపుల మార్కులు. ఒక్కో పుస్తకం ఒక్కో కాపరి ఇంట్ల రెండు నెలలు తిరగాలె. ఆగస్టు ఆఖర్ల మళ్ళ కూసొని అసలు మార్కులేద్దం.”

డాక్టర్ గారు మొదటిదాన్ని నిడమనూరుకు పంపిస్తానన్నారు. మూడోది సూర్యాపేట పక్కనే ఎవరికో ఇస్తానన్నారు సార్. రెండోది నా సంచిలో పెట్టుకుని బస్సెక్కాను.

మామ యాభై అయిదేళ్ళ వయసులో అక్షరాలు నేర్చుకున్నాడు. ఊళ్ళోకి వయోజన విద్య వచ్చినప్పుడు కుర్రవాళ్ళు నవ్వుతుంటే పలక పట్టుకుని వెళ్ళి కూర్చున్నాడు. వేలు పెట్టి, పెదవులు కదుపుతూ, నిదానంగా చదివేవాడు. కానీ ఒక్క అక్షరం వదిలేవాడు కాదు. రేషన్ దుకాణం ముందు అతికించిన కాగితం దగ్గర నుంచి బస్సు బోర్డు దాకా అన్నీ చదివేవాడు. పక్కవాళ్ళకు అవసరం ఉన్నా లేకపోయినా చదివి చెప్పేవాడు.

పుస్తకం ఇస్తే చేతులు కడుక్కుని వచ్చి తీసుకున్నాడు. నాలుగు రోజులు అరుగు మీద కూర్చుని, తన మందకు వచ్చే రోగాల పేజీలు వెతుక్కుంటూ చూశాడు. అయిదో రోజు, కడుపులో పురుగులు పోవడానికి తాపే నట్టల మందుల పేజీ తెరిచి పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

“బిడ్డా, ఇంత మంచి పుస్తకం మందలకు తీస్కపోతే రెండు దినాలల్ల పెంట పాలైతది. గీ ఒక్క పేజీ జిరాక్సు తీస్కరా. ఆరు తియ్యి. మట్టయ్యకు, తతిమ్మోళ్ళకు సుత ఇస్త.”

అందులో వింతేమీ లేదు. మా దగ్గర అసలు కాగితం పెట్టెలో ఉంటుంది, లోకంలో తిరిగేది జిరాక్సే. పట్టా పాసుబుక్కయినా, రేషన్ కార్డయినా, పిల్లల బడి సర్టిఫికెట్టయినా అంతే. జిరాక్సు చొక్కా జేబులో నాలుగు మడతలు పడుతుంది, వానకు తడుస్తుంది, చినిగితే ఇంకొకటి వస్తుంది.

మర్నాడు మా కంపోజింగ్ షాపులో మిషను మీద ఆ పేజీ పెట్టి మూత వేసి బటన్ నొక్కింది నేనే. ఆరు కాగితాలు వెచ్చగా బయటికి వచ్చాయి. అక్షరాలు ఎక్కడా చెదరకుండా, నల్లగా, నిండుగా పడ్డాయా లేదా అని ఒక్కోటీ ఎత్తి చూశాను. చక్కగా పడ్డాయి. నా పని నాకే ముద్దొచ్చింది.

జూలై మొదటి ఆదివారం పొద్దున్నే మా దొడ్లో మందు తాపారు. ఊళ్ళో మందలున్న మట్టయ్య కూడా వచ్చాడు. అతనికి చదువు రాదు. మామ తలకు చుట్టుకున్న రుమాలులోంచి కాగితం తీసి, మడత విప్పి, షాపులో తెచ్చిన సీసా మీద పేరును, కాగితం మీద పేరును పక్కపక్కన పెట్టి ఒక్కో అక్షరం పోల్చి చూశాడు. తర్వాత మోతాదు గట్టిగా చదివాడు. బడిలో పిల్లవాడు పద్యం అప్పజెప్పినట్టుగా చదివాడు.

“గట్టన్న గిట్ల సదువుతాంటే ఇగ డాక్టరెందుకు మనకు?” అన్నాడు మట్టయ్య.

మామ మీసం సర్దుకున్నాడు. ఆ రోజు మా మందకూ మట్టయ్య మందకూ తాపారు. మిగతా నలుగురు వానల వల్ల ఆగారు. వాళ్ళ మందలు బతికిపోయాయి.

పన్నెండో రోజు తెల్లవారి మా అత్త దొడ్లోంచి కేకేసింది.

“మూడు ఈసుకపోయినయ్ రా దేవుడా! మూడు సూడివి ఈసుకపోయినయ్!”

పరుగెత్తాం. నెలలు నిండని పిల్లలు, ఇంకా బొచ్చు కూడా రానివి, పెంటలో పడి ఉన్నాయి. తల్లులు తల వంచి వాటిని వాసన చూస్తున్నాయి. మరో మూడు రోజులకు ఇంకో నాలుగు. వారం తిరిగేసరికి మా మందలో పదకొండు, మట్టయ్య మందలో తొమ్మిది పోయాయి. అత్త దిష్టి అంది. మట్టయ్య భార్య పిచ్చమ్మ కొత్త గడ్డి మేసినందుకు అంది. నేను వానల్లో వచ్చే రోగమేదో అనుకుని డాక్టర్ జయరాజు గారికి ఫోన్ చేయించాను.

ఆయన మోటార్ సైకిల్ మీద వచ్చి గొర్రెలను చూశారు. “మందేమన్న తాపిండ్రా?”

“నట్టల మందు తాపిన సారూ. పుస్తకంల సూసే తాపిన,” అని మామ రుమాలు విప్పి జిరాక్సు ఇచ్చాడు. సీసా కూడా తెచ్చి చూపించాడు.

డాక్టర్ గారు సీసా చూసి తల కొట్టుకున్నారు. “ఇది సూడివాటికి తాపొద్దు గద పెద్దాయనా. పుస్తకంల రాసుంటది.”

మామ కాగితం అందుకుని పై నుంచి కింది దాకా మళ్ళీ చదివాడు. వేలు ఒక్కో లైను మీద ఆగుతూ దిగింది. మేమంతా నిలబడి ఎదురుచూశాం. “నాకు కనవడ్తలేదు సారూ,” అన్నాడు చివరికి, ఏదో దొంగతనం ఒప్పుకున్నట్టుగా.

నేను లోపలికి వెళ్ళి పుస్తకం తెచ్చాను. డాక్టర్ గారు హడావిడిలో ఉన్నారు. ఇంకా రెండు ఊళ్ళు తిరగాలట. పేజీ తిప్పి వేలితో కొట్టి చూపించారు. “ఇగో, ఎర్రక్షరాలు. ఎరుపున్నయి సూడివాటికి వద్దని మూడో పేజీల రాసిండ్రు. పుస్తకం మొత్తం సదవాలె పెద్దాయనా, ఒక్క పేజీ సదివితే ఎట్ల?”

ఆయన వెళ్ళిపోయారు. నా కుడిచేతిలో పుస్తకం ఉంది, ఎడమచేతిలో జిరాక్సు ఉంది. పుస్తకంలో ఎర్రగా ఉన్న పేరు కాగితం మీద మిగతా పేర్లలాగే నల్లగా ఉంది. అది నేనే తీసిన జిరాక్సు. అక్షరాలు నిండుగా పడ్డాయని ముచ్చటపడి మరీ తెచ్చి ఇచ్చాను. అక్కడే గడప మీద కూర్చుండిపోయాను.

“నాదే తప్పు,” అంటున్నాడు మామ ఎవరితోనో. “మూడో పేజీ సదవకపోతి.”

అదే రోజు మట్టయ్య వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. ఇరవై ఏళ్ళుగా మామను అన్నా అని తప్ప పిలవనివాడు పేరు పెట్టి అరిచాడు. “ముసలితనంల నాలుగక్షరాలు నేర్సి నా మంద మీదనా నీ పరీక్ష! రానోనివి రానట్టు ఉండాలె గదనే గట్టయ్యా!” మామ తల వంచుకుని విన్నాడు. పిచ్చమ్మ వచ్చి మొగుణ్ణి లాక్కుపోయింది.

నాకు అప్పుడు కూడా నోరు పెగల్లేదు. ఇది రెండోసారి. మొదటిసారి గర్వంతో, రెండోసారి భయంతో.

తర్వాత మామ చదవడం మానేశాడు. రేషన్ దుకాణం ముందు కాగితం అతికిస్తే దాని పక్కనుంచి నడిచి వెళ్ళిపోయాడు. ఒకరోజు మిర్యాలగూడ పోవడానికి రోడ్డు మీద నిలబడితే, బస్సు వచ్చి ఆగాక గోవర్ధన్ వైపు తిరిగి, “ఇది ఎటు పోతదిరా?” అని అడిగాడు. బోర్డు ఆయన కళ్ళ ముందే ఉంది. గోవర్ధన్ ఆ రాత్రి అన్నం దగ్గర ఈ సంగతి చెప్పాడు. గొర్రెలు మళ్ళీ ఈనుతాయి. ఈ మనిషి మళ్ళీ చదువుతాడా? అప్పుడు నిశ్చయించుకున్నాను.

మర్నాడే షాపుకు సెలవు పెట్టి కోదాడ వెళ్ళాను. మంగయ్య గారు మంచి మనిషే. సంగతంతా విని నిజంగానే బాధపడ్డారు.

“అయ్యో పాపం! ఎంత పనైపోయిందమ్మా.”

“అందుకే మంగయ్య గారూ, ఆ ఎరుపు తీసేద్దాం. ప్రతి మందు కింద ‘చూడి జీవాలకు వద్దు’ అని నల్లగా మళ్ళీ పెడదాం. నేను ఊరికే చేసిపెడతా.”

“తీసేద్దామన్నదీ నువ్వే, పెడదామంటున్నదీ నువ్వేనా! పోటీలో ఉన్న కాపీని మధ్యలో ఎట్లా మారుస్తామమ్మా? ముందు గెలవనీ. రెండో ముద్రణలో చూసుకుందాం.”

“మొదటి ముద్రణే మూడు మండలాలకు పోతుంది గదండీ.”

“అయినా జిరాక్సు తీసుకునేవాళ్ళ కోసం మనం పుస్తకాలు వేస్తామా ఏంటి?”

“వాళ్ళ కోసమే కదా వేసింది?”

ఆయన తలుపు వైపు ఒకసారి చూశారు. తర్వాత గొంతు తగ్గించారు. “చూడమ్మా, నువ్వు అక్కడ జడ్జివని నాకు తర్వాత తెలిసింది. నేనెవరికీ చెప్పలేదు, నువ్వూ చెప్పకు. నీ మంచికే అంటున్నా. వచ్చే ఏడు పెద్ద నిఘంటువొకటి వేస్తున్నాం. ఎనిమిది వందల పేజీలు. అది నువ్వే చెయ్యాలి.”

నిఘంటువు! కంపోజింగ్ చేసేవాళ్ళకు అంతకు మించిన పని ఉండదు. రెండు వరసల పేజీ, మాట లావుగా, అర్థం సన్నగా, ఒక్క పేజీ కుదిరితే ఎనిమిది వందలూ కుదురుతాయి. నా మనసు ఊగింది. అబద్ధమెందుకు, బాగానే ఊగింది. “ఆలోచించుకుని చెప్తానండీ,” అని లేచి వచ్చాను. బస్సు మిర్యాలగూడ చేరేలోపే ఆలోచన అయిపోయింది. ఆ నిఘంటువు తర్వాత వచ్చింది, వేరేవాళ్ళు చేశారు. ఇప్పటికీ ఎక్కడైనా కనబడితే లైన్ల మధ్య సందు చూస్తాను. ఇరుకుగానే ఉంటుంది. నాకు లోలోపల సంతోషంగా ఉంటుంది.

గోవర్ధన్‌కు మొత్తం చెప్పాను. “గీ ముచ్చట నాకు గాదు, నాయినకు చెప్పు,” అన్నాడు.

“చెప్తా. కానీ ఇంట్లో కాదు.”

“మరి యాడ?”

“మట్టయ్య వినేటట్టు చెప్తా.”

గోవర్ధన్‌కు అర్థమైంది. మామ సంగతి మా ఇద్దరికీ తెలుసు. నాలుగు గోడల మధ్య చెబితే ఆ తప్పు ఆయనే మోస్తాడు. కోడలి పేరు బయటికి రానివ్వడు. ఊళ్ళో ఆయన చదువు అబద్ధంగానే మిగిలిపోతుంది. మట్టయ్య దగ్గరికి గోవర్ధనే వెళ్ళి, సూర్యాపేటలో ఈ పుస్తకం మీద విచారణ ఉంది, నష్టపోయినోనివి నువ్వు రావాలె అని పిలిచాడు. మామ మాత్రం ఒక పట్టాన కదల్లేదు.

“నాతోని ఏం పని బిడ్డా? సదువొచ్చినోళ్ళ కాడికి.”

“నీతోనే పని మామా. జర రా.”

ఆగస్టు ఆఖరి శనివారం. ఎరువుల దుకాణం మీద అదే గది, అదే బల్ల. దేవదాసు సార్, డాక్టర్ గారు, నేను కుర్చీల్లో కూర్చున్నాం. మామ, మట్టయ్య గోడ పక్కన బెంచీకి చెరో చివర కూర్చున్నారు. వాళ్ళ మధ్య ఇంకో నలుగురు పట్టేంత చోటుంది.

సార్ మార్కుల కాగితాలు తీశారు. నేను లేచి నిలబడ్డాను.

“సార్, రెండో నంబరు పుస్తకం నేను కంపోజ్ చేసింది. మొదటి రోజే గుర్తుపట్టిన. చెప్పలేదు. చెప్పకుండా తొమ్మిది మార్కులేసుకున్న.”

సార్ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. నా చిన్నప్పుడు ఎవరైనా చూసి రాస్తే ఇలాగే చేసేవారు. “మొదటి రోజే చెప్పాలె గద సరళా.”

“అవును సార్. ఇంకొకటి కూడా ఉంది.”

ఆ పొద్దున సార్ దగ్గర మిగతా రెండు పుస్తకాలు అడిగి తీసుకుని, బస్టాండు దగ్గర తీయించుకుని వచ్చిన జిరాక్సులు సంచిలోంచి తీశాను. మూడు పుస్తకాల్లోనూ నట్టల మందుల పేజీలే. బల్ల మీద వరసగా పరిచాను. పక్కన ఆ మూడు పుస్తకాలూ అవే పేజీల దగ్గర తెరిచి పెట్టాను.

“పుస్తకం పెట్టెల ఉంటది సార్. మందలకు పోయేది ఇది. దీనికి మార్కులేయండి.”

మొదటి దానిలో అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి మసిబారిపోయాయి. మూడోదానిలో నల్లగీతల మధ్య ‘చూడి జీవాలకు వద్దు’ అని ప్రతి మందు దగ్గరా లావుగా, మొండిగా ఉంది. అందం అనే మాట గడప తొక్కలేదని నేను నవ్విన పుస్తకం అది. ఇక రెండోది చల్లగా, విశాలంగా, ముచ్చటగా ఉంది. ఏది తాపాలో, ఏది తాపకూడదో చెప్పే గుర్తు ఒక్కటీ లేదు.

డాక్టర్ గారు ఒకసారి పుస్తకం, ఒకసారి కాగితం చూశారు. మళ్ళీ చూశారు. తర్వాత కుర్చీలోంచి లేచి బెంచీ దగ్గరికి వెళ్ళారు. “పెద్దాయనా, ఆ దినం నేను తొందరపడ్డ. నీ చేతుల కాయితం సరిగ్గ చూడనే లేదు.”

మట్టయ్యకు ఇంకా అర్థం కాలేదు. “అంటే సారూ, గట్టన్న తప్పు సదవలేదా?”

“సక్కగనే సదివిండు,” అన్నారు దేవదాసు సార్. “కాయితం మీద ఉన్నదంత సదివిండు. లేనిది ఎట్ల సదువుతడు మట్టయ్యా?”

మట్టయ్య బెంచీ మీద కొంచెం కొంచెంగా జరిగి మామ పక్కకు వచ్చాడు. ఆయన మోకాలి మీద చెయ్యి వేశాడు. మామ ఆ చేతిని చూడలేదు. నన్ను చూస్తున్నాడు.

“నీకు ఎరుకై ఎన్ని దినాలైంది?”

“డాక్టర్ గారు వచ్చిన నాటి నుంచే మామా. నెల దాటింది.”

ఆయన ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. కింద రోడ్డు మీద లారీలు పోతున్నాయి. ఆ శబ్దంలో నేను నిలబడే ఉన్నాను. చేసిన తప్పు చెప్పేస్తే మనసు తేలికవుతుందంటారు. నాకేమీ తేలిక కాలేదు. అయినా చెప్పినందుకు చింత లేదు. మళ్ళీ అడిగినా మళ్ళీ చెప్పేదాన్ని.

“సరళా, నీ మార్కులు కొట్టేస్తున్న,” అన్నారు సార్. “నువ్విగ ఈ కుర్చీల కూసునేది లేదు.”

“సరే సార్.” వెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డాను.

సార్ నా ఖాళీ కుర్చీ వైపు చూశారు. “ముగ్గురు లేకుంటే తీర్పు చెల్లది. గట్టయ్యా, నువ్వు వచ్చి గీడ కూసో.”

మామ ఉలిక్కిపడ్డాడు. “నేనా? నాకేం తెలుస్తది సారూ?”

“నిడమనూరాయన పుస్తకం తెరువనే లేదట. మూడోది బీరువల పెట్టి తాళమేసిండ్రట. వాడినోనివి నువ్వొక్కనివే.”

మామ కదల్లేదు. మట్టయ్య ఆయన భుజం పట్టి లేపాడు. “పో అన్నా. కూసో.”

ఆయన కుర్చీ అంచు మీద కూర్చున్నాడు. రుమాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. మొదటి పుస్తకం జిరాక్సు దగ్గరికి లాక్కుని వేలు పెట్టాడు. పెదవులు కదిలాయి. నెల రోజుల తర్వాత ఆయన పెదవులు కదలడం చూశాను. నాలుగు లైన్లు చదివి తల అడ్డంగా ఊపాడు. మూడోది పూర్తిగా చదివాడు. ఎవరూ తొందరపెట్టలేదు. చివరకు రెండోది తీసుకుని, అదీ పై నుంచి కింది దాకా చదివి, పెన్ను కోసం చెయ్యి చాచాడు.

“దీనికి ఎన్ని ఎయ్యొచ్చు సారూ?”

“పదిల ఎన్నయినా.”

మామ పెన్ను గట్టిగా ఒత్తి పట్టుకుని మార్కుల కాగితం మీద రెండో నంబరు ఎదురుగా ఒక సున్నా రాశాడు.

డాక్టర్ గారు మొహమాటంగా నవ్వారు. “మీ కోడలు చేసింది పెద్దాయనా. ఒక్క మార్కన్న ఎయ్యవా?”

“కోడలు గాబట్టే సున్నా ఏసిన సారూ,” అన్నాడు మామ. “పరాయోళ్ళదైతే ఇసిరికొట్టి పోదును. ఇది మా ఇంటి మనిషిది. మల్ల జేస్తది.”

తర్వాత మొదటిదానికి తక్కువ, మూడోదానికి ఎక్కువ మార్కులు వేసి, కాగితం కింద ఖాళీ జాగా చూపించి, అక్కడ తన పేరు రాయాలా అని అడిగాడు. రాయాలన్నారు సార్. నేను తలుపు దగ్గర నుంచి వెళ్ళి ఆయన పక్కన నిలబడ్డాను. ఆయన తలెత్తకుండా మోచెయ్యి కొంచెం పక్కకు జరిపి, కాగితం నాకు కూడా కనబడేలా పెట్టుకుని, ఒక్కో అక్షరమే రాయడం మొదలుపెట్టాడు.